పారిపోయింది అనాలా, వచ్చేసింది అనాలా?

గోదారి గట్టు:
అందరికీ నమస్కారం. ఒక్క మాట దగ్గర నాలుగు రోజుల్నుంచీ బండి ఆగిపోయింది, మీరే ఏదో ఒకటి తేల్చాలి. నేను పిల్లల కోసం ఆడియో కథలు చేస్తుంటానని ఇక్కడ కొంతమందికి తెలుసు కదా, ఈసారి హ్యారియెట్ టబ్‌మన్ కథ తీసుకున్నా. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రంలో బానిసగా పుట్టి, 1849లో ఫిలడెల్ఫియా చేరుకుని, అక్కడితో హమ్మయ్య అనుకోకుండా మళ్ళీ మళ్ళీ వెనక్కెళ్ళి ఓ పదమూడు ట్రిప్పుల్లో డెబ్బైమంది దాకా మనుషుల్ని బయటికి తెచ్చిన మనిషి. స్క్రిప్టులో "హ్యారియెట్ యజమాని దగ్గర్నుంచి పారిపోయింది" అని రాసి ఎప్పట్లాగే మా అమ్మమ్మకి చదివి వినిపించా. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ వింటోంది, తలెత్తకుండానే "ఏం పట్టుకుపోయిందే?" అంది. ఏమీ పట్టుకుపోలేదు అమ్మమ్మా అంటే "మరి పారిపోవడం దేనికీ" అంది, ఇంకో కాయ తీసుకుంది.

అప్పట్నుంచి నాకు ఆ మాట రాయబుద్ధి కావట్లేదు. చూడండి మనకున్న మాటలు. పారిపోయాడు, పరారయ్యాడు, ఉడాయించాడు, జారుకున్నాడు, చెక్కేశాడు, బిచాణా ఎత్తేశాడు, పలాయనం చిత్తగించాడు, కాళ్ళకి బుద్ధి చెప్పాడు. ఒక్కటంటే ఒక్కటి పరువైన మాట ఉందా? ఏది వాడినా చిట్టీల డబ్బు నొక్కేసినవాడో, యుద్ధంలో జడిసినవాడో కళ్ళముందుకొస్తాడు తప్ప, రాత్రిపూట చెట్లల్లో పడి ప్రాణాలకి తెగించి నడిచిన ఆడమనిషి రావట్లేదు.

తెలుగు మేష్టారు:
అమ్మా, పాపం "పారు" అనే మాటకి ఏ దోషమూ లేదు. పాతకాలపు పాఱు, బండి ఱ తో. దానికి పరుగెత్తడం అనీ ప్రవహించడం అనీ రెండర్థాలూ ఉన్నాయి, ఏరు పారుతుంది అంటాం, కాలవ పారించాం అంటాం, అదే ఇది. వాడుకలో మైలపడిందంతే. పిల్లలకి ఆ ఏటి అర్థం చెప్పి వాడెయ్యండి.

సీమ చిన్నది:
మేష్టారూ పిల్లోళ్ళకి ఆడియోలో బండి ఱ ఎట్ల చెప్తారు సార్ :) అక్కా "తప్పించుకుంది" అని పెట్టుకో, సరిపోతాది.

గోదారి గట్టు:
అదీ అనుకున్నా చెల్లీ. పేపర్లో "తప్పించుకు తిరుగుతున్న నిందితుడు" చదివీ చదివీ అదీ పాడైపోయింది. పోనీ "విముక్తి పొందింది", "విడుదలైంది" అందామా అంటే ఎవరో తలుపు తీసి దయతో పంపించినట్టుంది. ఆవిడకి ఎవరూ ఇవ్వలేదు, ఆవిడే తీసుకుంది.

తెలుగు మేష్టారు:
అక్కడే మన భాషకి ఒక సౌకర్యం ఉంది, గమనించారో లేదో. "కొను". చేసుకొను, తెంచుకొను, విడిపించుకొను. చేసిన పని ఫలం చేసినవాడికే చెందుతుందని ఆ ఒక్క ముక్కే చెప్పేస్తుంది. "తనని తాను విడిపించుకుంది" అనండి, పొందింది అనే మాటతో పనుండదు. నన్నడిగితే తప్పించుకుంది కూడా మంచి మాటే, పోలీసు వార్తలు దాన్ని లాక్కెళ్ళిపోయాయని మనమెందుకు వదులుకోవాలి.

ఓరుగల్లు పోరడు:
మంచి ముచ్చట పెట్టిన్రు. మీరు పారిపోవుడు దగ్గర ఆగిన్రు గానీ అసలు ముందుగాల బానిస అన్న మాట సంగతేంది? మా దిక్కు దొరల కాలంల "నీ బాంచన్ కాల్మొక్త" అనేటోళ్ళు గదా, ఆ బాంచ అంటే బానిసనే. నేను నీ బానిసను, నీ కాళ్ళు మొక్కుత అని. మా నాయనమ్మ చిన్నప్పుడు ఇన్న మాట అది, పుస్తకంల మాట గాదు. ఇప్పుడేమో మందుకు బానిస, ఫోన్‌కు బానిస, సీరియల్‌కు బానిస అని రాసుకుంట పోతున్నరు, మాట పల్సగైపోయింది. పిల్లలకు "బానిస" అని చెప్తె వాళ్ళకు ఫోన్ ఎక్కువ చూసే పోరడు యాదికొస్తడు.

గోదారి గట్టు:
తమ్ముడూ ఇది మాత్రం నాకు తట్టనే లేదు, నిజం. "మనుషుల్ని అమ్మేవాళ్ళు, కొనేవాళ్ళు" అని ముందే విడమర్చి చెప్పాలన్నమాట. దాని తర్వాత ఇంకో చిక్కుంది. ఆ రోజుల్లో బానిసల్ని దాటించే ఇళ్ళూ మనుషులూ దారులూ అన్నిటికీ కలిపి ఒక పేరుంది, అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్. "భూగర్భ రైలుమార్గం" అని రాశా. మా అబ్బాయి మెట్రోనా అన్నాడు. పట్టాల్లేవు, సొరంగం లేదు, అప్పుడప్పుడే రైళ్ళొచ్చిన కాలం కాబట్టి రైలు మాటల్ని గుట్టుగా వాడుకున్నారు, దాచే ఇల్లు స్టేషను, దాచేవాళ్ళు స్టేషన్‌మాస్టర్లు, దాటేవాళ్ళు ప్యాసింజర్లు, దారి చూపేవాళ్ళు కండక్టర్లు.

ఓరుగల్లు పోరడు:
అక్కా భూగర్భం వద్దే వద్దు. మనకు అండర్‌గ్రౌండ్ అంటే భూమి కింద అని ఎవడనుకుంటడు? యూజీల ఉన్నడు అంటే అజ్ఞాతంల ఉన్నడు అని. సాయుధ పోరాటం నాటి ముసలోళ్ళను అడుగున్రి, దాచిపెట్టే ఇల్లును డెన్ అనేటోళ్ళు, చిట్టీలు మోసేటోళ్ళను కొరియర్ అనేటోళ్ళు. వాళ్ళకు ఈ కథ చెప్తె ఒక్క మాట గూడ ఇప్పి చెప్పనవసరం లేదు. "అజ్ఞాత రైలు" అని పెట్టున్రి.

గోదారి గట్టు:
అజ్ఞాత రైలు! ఇది తీసుకుంటున్నా, ఇంకెవరూ దీని మీద మాట్లాడొద్దు.

పాత గార్డు:
నేను మాట్లాడతానండీ, ముప్పై నాలుగేళ్ళు గార్డుగా చేసి రిటైరైనవాణ్ణి. రైలుకి పేరు కుదిరింది గానీ "కండక్టర్" అలాగే ఉంచితే మన పిల్లలకి భుజాన సంచీ వేసుకుని రైట్ రైట్ అనే బస్సు కండక్టరే గుర్తొస్తాడు. అమెరికా రైల్లో కండక్టర్ అంటే టికెట్టు కొట్టేవాడొక్కడే కాదు, బండి మొత్తానికి బాధ్యుడు, మన దగ్గర ఆ పని గార్డుది. (2022లో మా పోస్టు పేరు ట్రైన్ మేనేజర్ అని మార్చారు, నాకు మాత్రం గార్డే బావుంది.) కాబట్టి హ్యారియెట్ గారు గార్డు. పైగా ఆవిడ పెద్దతనంలో ఒక సభలో అన్న మాట ఉంది కదా, నా బండి ఎప్పుడూ పట్టా తప్పలేదు, ఒక్క ప్యాసింజర్నీ పోగొట్టుకోలేదు అని. ఆ మాట అనగలిగిన గార్డు నాకు తెలిసి మా డివిజన్లో కూడా ఎక్కువమంది లేరు.

బానిసగా పుట్టి, బయటపడ్డాక బానిసత్వం మీదే పోరాడిన ఫ్రెడరిక్ డగ్లస్ సంగతీ రైలు సంగతే. 1838 సెప్టెంబర్ 3న బాల్టిమోర్లో నావికుడి వేషం వేసుకుని, ఒక నావికుడి దగ్గర కాగితాలు అరువు తెచ్చుకుని, కదులుతున్న బండెక్కాడు. ఆ కాగితాల్లో రాసిన ఆనవాళ్ళకీ ఈయన పోలికకీ పొంతన లేదు. కండక్టరొచ్చి కాగితం చూపించమన్నాడు, పైన అమెరికా గద్ద బొమ్మ కనబడింది, సరేనని డబ్బులు తీసుకుని ముందుకెళ్ళిపోయాడు. నేనూ పాసుల మీద ముద్ర చూసి వదిలేసిన రోజులున్నాయి లెండి. ఆ ఒక్క చూపు ఇంకాస్త నిలబడుంటే డగ్లస్ అనే పేరు మనం వినేవాళ్ళం కాదు, ఆ పేరు కూడా ఆయన ఆ తర్వాత పెట్టుకున్నదే.

సీమ చిన్నది:
గార్డు గారూ రోమాలు నిక్కబొడుచుకున్నాయి సార్.

కోరంగి:
ఆలస్యంగా వచ్చాను, మన్నించాలి. మారిషస్‌లో రెండేళ్ళు పనిచేశాను కాబట్టి ఒక మాట పడేసి పోతా. అక్కడ తప్పించుకుని కొండల్లో బతికిన బానిసల్ని మారన్ అంటారు. ఇంగ్లీషు మరూన్, ఫ్రెంచి మారన్, అన్నిటికీ మూలం స్పానిష్ సిమర్రోన్. మొదట్లో ఆ మాట వాడింది మనుషులకి కాదు, మంద వదిలి అడవుల్లో పడ్డ పశువులకి. మారిషస్‌లో ఇప్పటికీ అడవి పందిని కొషోన్ మారన్ అంటారు. మన భాషలో పలుపు తెంచుకున్న గొడ్డు అన్నట్టే అనుకోండి. అంత తిట్టుని ఆ జనం పేరుగా పెట్టుకుని నిలబడ్డారు. జమైకాలో మరూన్లు బ్రిటిష్ సైన్యాన్ని ఎంత ఏడిపించారంటే 1739లో తెల్లవాళ్ళే దిగొచ్చి వాళ్ళతో సంధి రాసుకున్నారు. (ఆ సంధిలో ఇకమీదట పారిపోయొచ్చే బానిసల్ని తిరిగి అప్పగించాలనే షరతు కూడా ఉంది, అది మింగుడుపడని సంగతి.) మారిషస్‌లో లె మోర్న్ అని సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండ ఉంది, మారన్‌లు దాక్కున్న చోటు, 2008లో యునెస్కో జాబితాలో చేర్చారు. 1835లో బానిసత్వం రద్దైందని చెప్పడానికి పోలీసులు కొండెక్కుతుంటే, పట్టుకోవడానికే వస్తున్నారనుకుని పైనుంచి దూకేశారని అక్కడి జనం చెప్పుకుంటారు. రద్దయ్యాక ఆ చెరుకు తోటల్లోకి కూలీలు కావాల్సొచ్చి మనవాళ్ళని పట్టుకెళ్ళారు, 1843లో కోరంగి రేవు నుంచి వెళ్ళిన ఓడ పేరే కోరింగా పాకెట్. నా పేరు ఇక్కడ అలా పెట్టుకున్నది అందుకే.

గోదారి గట్టు:
కోరంగి గారూ, ఇది వేరే పోస్టు వెయ్యాల్సిన విషయమండీ, ఇక్కడ మునిగిపోతుంది. మారన్ పిల్లలకి చెప్పను గానీ నాకు మాత్రం పనికొచ్చింది. తిట్టుని పేరు చేసుకోవచ్చన్నమాట. అలాగైతే "పారిపోయింది"నే ఉంచేసి గర్వంగా చదవచ్చా అని కూడా అనిపిస్తోంది ఇప్పుడు. మళ్ళీ మొదటికొచ్చా.

ఫిల్లీ నుంచి:
నేనుండేది ఫిలడెల్ఫియాకి పక్కనే, అందుకని ఈ చర్చ చూస్తూ ఊరుకోలేకపోయా. మీరందరూ పారు మీద పడ్డారు, నా అనుమానం అంతా "పో" మీద. కొంచెం ఓపిగ్గా చదవండి.

1849 అక్టోబర్ 3 తేదీతో ఒక ప్రకటన ఉంది. వేయించినావిడ ఎలైజా బ్రోడెస్, హ్యారియెట్ యజమానురాలు. మూడొందల డాలర్ల బహుమానం అని మొదలెట్టి, ముగ్గురు పారిపోయారు, హ్యారీకి పందొమ్మిదేళ్ళుంటాయి, బెన్‌కి పాతికేళ్ళు, మింటీకి ఇరవై ఏడు, చామనఛాయ, చూడ్డానికి బావుంటుంది, అయిదడుగుల ఎత్తు, రాష్ట్రం బయట పట్టుకుంటే తలకి వంద, రాష్ట్రంలోనే దొరికితే యాభై, అని రాయించింది. ఆ మింటీయే హ్యారియెట్, మిగతా ఇద్దరూ తమ్ముళ్ళు. మన పేపర్లో "కనబడుటలేదు" ప్రకటన ఎలా ఉంటుందో అచ్చం అలాగే, కాకపోతే ఇంట్లోవాళ్ళు బెంగపడి వేసింది కాదు. తమ్ముళ్ళు భయపడి వెనక్కి తిరిగారు, ఆవిణ్ణి కూడా లాక్కొచ్చారు, కొన్నాళ్ళకి ఆవిడ ఒక్కతే మళ్ళీ బయల్దేరింది.

ఇప్పుడు ఇటువైపు చూడండి. ఫిలడెల్ఫియాలో బానిసత్వ వ్యతిరేక సంఘం ఆఫీసులో విలియమ్ స్టిల్ అని ఒక గుమస్తా. 1850లో ఓ పెద్దాయన తన తల్లిదండ్రుల్ని వెతుక్కుంటూ ఆ ఆఫీసుకొచ్చి, ఎప్పుడో చిన్నప్పుడు విడిపోయామని అమ్మ పేరూ నాన్న పేరూ చెబుతుంటే స్టిల్‌కి ఒళ్ళు చల్లబడిపోయింది, అవి తన అమ్మానాన్నల పేర్లే, ఎదురుగా ఉన్నది తనెప్పుడూ చూడని సొంత అన్న పీటర్. ఇలాంటి కుటుంబాలు ఇంకెన్నో అని అప్పట్నుంచి దాటొచ్చిన ప్రతివాళ్ళనీ కూర్చోబెట్టి, ఎక్కణ్ణుంచి, అసలు పేరేంటి, కొత్త పేరేంటి, వెనకాల ఎవర్ని వదిలొచ్చారు అని అన్నీ రాసుకున్నాడు. దొరికితే తనతోపాటు అందరూ పోతారు, అయినా రాశాడు, దాచాడు, 1872లో అచ్చువేశాడు. ఆ పుస్తకంలో శీర్షికలు చూస్తే వర్జీనియా నుంచి రాక, బాల్టిమోర్ నుంచి రాక, రిచ్‌మండ్ నుంచి రాక. రాక, రాక, రాక. పారిపోవడం కాదు!

ఒకటే మనిషి, ఒకటే రాత్రి, ఒకటే దారి. అటు చివర నిలబడ్డవాళ్ళు "పారిపోయింది" అన్నారు, ఇటు చివర నిలబడ్డాయన "వచ్చింది" అని రాసుకున్నాడు. మన "పారిపోవు"లో ఉన్న పో యజమాని గుమ్మంలో నిలబడి అంటున్న పో. మీరు కథ ఎక్కడ నిలబడి చెబుతున్నారు? అది తేలితే మాట అదే వస్తుంది.

సీమ చిన్నది:
అయ్యో ఇది మనిండ్లల్లో రోజూ ఉండేదే కదా. అత్తగారింట్లో కొడతాంటే తట్టుకోలేక బిడ్డనెత్తుకుని పుట్టింటికొస్తే, అత్తగారి ఊర్లో "వెళ్ళిపోయింది" అంటారు, ఇంకా నోరుజారి వేరే మాట కూడా అంటారు, ఇక్కడ వాళ్ళమ్మ మాత్రం "వచ్చేసిందిలే మా పిల్ల" అంటాది. నేను చిన్నప్పుడు మా వీధిలో విన్నదే. "వచ్చేసింది"లో ఆ ఏసింది ఉందే, ఇంక వెనక్కి పోదు అని అర్థం దాంట్లో.

ఓరుగల్లు పోరడు:
వచ్చేసింది. అయిపాయె, ఇంకేం గావాలె.

పాత గార్డు:
హెన్రీ బ్రౌన్ అని ఇంకో బానిస విషయంలో ఇది ఇంకా సరిగ్గా పడుతుంది. 1849 మార్చిలోనే ఆయన రిచ్‌మండ్ నుంచి ఫిలడెల్ఫియాకి తనని తానే పార్సిల్ చేయించుకున్నాడు. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎనిమిదంగుళాల లోతు చెక్కపెట్టె. ఇరవై ఏడు గంటలు. పైన "ఈ వైపు పైకి, జాగ్రత్త" అని రాసుంది, బ్రేక్ వ్యాన్‌లో పార్సిళ్ళతో పనిచేసినవాడిగా చెబుతున్నా, ఆ రాత ఎవడూ చదవడు, పాపం కొంతదూరం తలకిందులుగానే ప్రయాణం చేశాడు. పెట్టె తెరిచేటప్పుడు ఆ గదిలో మీరు చెప్పిన స్టిల్ గారూ ఉన్నారు. లోపల్నుంచి లేచి అందర్నీ మర్యాదగా పలకరించాడట. పార్సిల్ పారిపోయింది అంటామా? పార్సిల్ వచ్చింది అంటాం.

తెలుగు మేష్టారు:
బావుంది, చాలా బావుంది. కానీ ఒక అభ్యంతరం. "వచ్చు" అన్న క్రియకి ఇటువైపు ఎవరో ఒకరు ఉండాలి, వచ్చావా అని అడిగేవాళ్ళు. పెట్టెలో వచ్చినాయనకి నలుగురున్నారు. 1849లో హ్యారియెట్‌కి ఉన్నారా? లేకపోతే మీరు "వచ్చేసింది" అనడం తర్వాత కాలంవాళ్ళు దండ వేసినట్టు అవుతుంది, నిజం కాదు.

ఫిల్లీ నుంచి:
మేష్టారూ దొరికిపోయాను. లేరండీ. తర్వాత ఆవిడే చెప్పుకుంది, సరిహద్దు దాటాక నేను అదే మనిషినా కాదా అని చేతులు చూసుకున్నానని, పొద్దున్న ఎండ చెట్లలోంచి బంగారంలా పడుతోందని. ఇదందరూ చెబుతారు. దాని వెనకే ఇంకో మాట ఉంది, స్వేచ్ఛ ఉన్న నేల మీదికి రా అని పిలిచేవాళ్ళు ఒక్కరూ లేరు, పరాయి దేశంలో పరాయిదాన్ని, మా ఇల్లు మేరీలాండ్‌లోనే ఉండిపోయింది, మావాళ్ళంతా అక్కడే ఉన్నారు అని. వాళ్ళక్కూడా ఇక్కడ ఇల్లు కడతా, తీసుకొస్తా అని అప్పుడే అనుకుందట. అంటే మీరన్నట్టు ఆవిడకి "వచ్చావా" అనేవాళ్ళు లేరు కాబట్టే...

తెలుగు మేష్టారు:
కాబట్టే తనే ఇటు నిలబడి అనడానికి బయల్దేరింది. సరే, నా అభ్యంతరం నేనే మింగేస్తున్నా.

గోదారి గట్టు:
రాత్రి పదకొండున్నరకి అందరూ కలిసి నా చేత స్క్రిప్టు మళ్ళీ రాయించారు. ఇదీ ఇప్పటికి తేల్చుకున్నది. ప్రకటన చదివేటప్పుడు మాత్రం "పారిపోయినారు" అనే ఉంచుతున్నా, యజమానురాలి గొంతుతో, కాస్త ముక్కుతో మాట్లాడి. 1850 చట్టం దగ్గర కూడా "పరారీ బానిసల చట్టం" అనే అంటా, ఎందుకంటే ఆ చట్టం మాట్లాడేది వాళ్ళ భాషే. సాయం చేసినవాళ్ళకి వెయ్యి డాలర్ల వరకూ జరిమానా, ఆర్నెల్ల వరకూ జైలు, తీర్పు చెప్పే కమిషనరుకి ఆ మనిషిని యజమానికి అప్పగిస్తే పది డాలర్లు, వదిలేస్తే అయిదు డాలర్లు, ఈ లెక్క పిల్లలకి చెబితే ఇంకేమీ విడమర్చక్కర్లేదు. 1849 రాత్రి దగ్గర "హ్యారియెట్ బయల్దేరింది", అంతే. వచ్చిందీ లేదు, పోయిందీ లేదు.

"వచ్చేశారు" అనే మాట దాచి 1854 క్రిస్మస్‌కి వాడుతున్నా. ఫిల్లీ గారు చెప్పిన స్టిల్ పుస్తకంలో వెతికితే దొరికింది, "మోజెస్ ఆరుగురు ప్యాసింజర్లతో వచ్చింది" అని. మోజెస్ అంటే హ్యారియెట్టే, అందరూ అలా పిలిచేవాళ్ళు. ఆ ఆరుగురిలో ముగ్గురు ఆవిడ సొంత అన్నదమ్ములు, తమ్ముళ్ళు బెన్, హెన్రీ, అన్న రాబర్ట్. ప్రకటనలో హ్యారీ అని ఉన్నది ఈ హెన్రీయే. అయిదేళ్ళ కిందట "పారిపోయారు" అని పేపర్లో పడి, భయపడి వెనక్కి తిరిగిన ఆ తమ్ముళ్ళిద్దరూ, ఈసారి "వచ్చారు" అని ఇంకో పుస్తకంలోకెక్కారు. దారిలో విల్మింగ్టన్ ఊళ్ళో థామస్ గారెట్ అనే ఇనుప సామాన్ల వ్యాపారి వాళ్ళని దాటించి డిసెంబర్ 29న రాసిన ఉత్తరంలో, హ్యారియెట్‌కీ ఇంకో మనిషికీ కాళ్ళకున్న బూట్లు పూర్తిగా అరిగిపోయాయి, కొనుక్కోమని రెండు డాలర్లిచ్చా, నా ఖర్చు మీద బండి మాట్లాడమన్నా అని ఉంది.

ఇది అమ్మమ్మకి చదివా. మింటీ సంగతీ తమ్ముళ్ళ సంగతీ అంతా విని "బూట్లు కొనుక్కున్నారా మరి?" అంది. కొనుక్కునే ఉంటారు అమ్మమ్మా అన్నా.

పాత గార్డు:
అమ్మా, కండక్టరా గార్డా చెప్పనే లేదు మీరు.

గోదారి గట్టు:
గార్డేనండీ. మా అబ్బాయి ట్రైన్ మేనేజర్ అని పెట్టమంటున్నాడు, వాడి మాట వినట్లేదు.